ఆడే పిల్లలకి చదువు దారి కూడా చూపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

టెన్త్, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మీ పేపర్లో వచ్చే చదువుల పేజీ నేను వదలకుండా చదువుతాను. ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, అగ్రికల్చర్, ఈ మధ్య డేటా సైన్స్, ఏ ఎంట్రన్స్‌కి ఎప్పటిలోగా అప్లై చెయ్యాలి, ఏ కాలేజీ మంచిది, అన్నీ ఉంటాయి. ఆటలకి, వ్యాయామానికి సంబంధించిన చదువుల గురించి మాత్రం ఒక్క పేరా కూడా కనపడదు. అదే పేపర్లో స్పోర్ట్స్ పేజీ తిరగేస్తే రోజూ నిండుగా ఉంటుంది. ఆ మైదానం వెనక పనిచేసే కోచ్, ఫిజియో, ట్రైనర్, అంపైర్ వీళ్ళందరూ ఎక్కడో ఒకచోట చదువుకునే వచ్చారు కదా, ఆ చోటు ఎక్కడుందో మా పిల్లలకి ఎవరు చెప్తారు?

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా అమ్మాయి కబడ్డీ ఆడుతుంది, స్కూలు నుంచి జిల్లా దాకా వెళ్ళింది, ఇప్పుడు ప్లస్ టూలో ఉంది. తను ఈ లైన్లోనే చదువుతానని అన్న దగ్గర్నుంచీ మా ఇంటికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: ఇండియాకి ఆడేంత సీనుందా, లేకపోతే డ్రిల్లు టీచరు పోస్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుందా అని. ఆడపిల్ల కాబట్టి ఇంకో మాట అదనం, మోకాలు విరగ్గొట్టుకుంటే పెళ్ళెలా చేస్తావమ్మా అని. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి తెలిసినవి ఆ రెండు దారులే. ఆ రెండింటికీ మధ్య ఇంకెన్ని ఉన్నాయో వెతుక్కుంటూ వెళ్ళాక, ఇవన్నీ మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఇళ్ళకి కూడా చేరాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజానికి ఈ చదువు మన ప్రాంతానికి కొత్తది కాదు. కోడి రామమూర్తి గారు గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నారని అందరం చెప్పుకుంటాం, కానీ వీరఘట్టంలో పుట్టిన ఆ మనిషి మద్రాసు వెళ్ళి సైదాపేటలో వ్యాయామ శిక్షణ చదువుకుని వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఆయన సర్కస్ కంపెనీ నడపడం తర్వాత సంగతి, ముందు సర్టిఫికెట్ ఉన్న మాస్టారు ఆయన. అదే మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ అనే ఆయన వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. ఆ తర్వాత కర్ణం మల్లేశ్వరి గారు, మా పక్క జిల్లా శ్రీకాకుళం ఆడపిల్ల, 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చారు, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. పతకం గురించి అందరికీ తెలుసు, ఆటలకంటూ ఒక యూనివర్సిటీ ఉందనీ దానికి మన మనిషి వీసీ అయ్యారనీ మా వీధిలో చెప్తే ఆశ్చర్యపోయారు. మా బరంపురం నుంచే కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో వెయిట్ లిఫ్టింగ్ బంగారం తెచ్చాడు. ఇక్కడ సందుల్లో వెయిట్లు ఎత్తే కుర్రాళ్ళకి ఏం కొదవ లేదు. వాళ్ళలో నూటికొకరు పతకం దాకా వెళ్తారేమో, మిగతావాళ్ళు పాతికేళ్ళకి వెయిట్లు పక్కన పెట్టి ఏ షాపులోనో కుదిరిపోతారు. పదేళ్ళు ఒళ్ళు వంచి నేర్చుకున్న విద్య అక్కడితో ఆగిపోతుంది, నా బాధ అదే.

ఇప్పుడు అసలు విషయం. స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయులు కావాలంటే ప్లస్ టూ తర్వాత డీపీఎడ్ అనే వ్యాయామ విద్య డిప్లొమా, డిగ్రీ తర్వాత బీపీఎడ్, ఆపైన ఎంపీఎడ్. ఇవి ఎన్‌సీటీఈ, అంటే టీచరు చదువులకి గుర్తింపు ఇచ్చే కేంద్ర మండలి, గుర్తింపు ఉన్న కాలేజీలోనే చదవాలి. ఈ మాట నేను పెద్ద అక్షరాలతో వెయ్యమని అడుగుతున్నాను, ఎందుకంటే మాకు తెలిసిన ఒక కుర్రాడు ఎవరో ఏజెంటు మాట నమ్మి, కాలేజీ మొహం చూడకుండానే డిప్లొమా తెచ్చుకుని, ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు అది చెల్లదని తెలిసి కుదేలైపోయాడు. వాళ్ళ నాన్న అప్పు చేసి కట్టిన డబ్బు అది.

బీపీఎడ్‌కి డిగ్రీ మార్కులతో పాటు ఆటల్లో పాల్గొన్న సర్టిఫికెట్ అడుగుతారు, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలో, జిల్లా పోటీలో, కాలేజీల మధ్య జరిగే పోటీలో ఆడినట్టు. అంటే ఎనిమిదో తరగతిలో ఆడిన పోటీ కాగితం కూడా ఏడేళ్ళ తర్వాత పనికొస్తుంది. మా దగ్గర పిల్లలు కప్పు ఇంటికి తెస్తారు, కాగితం పారేస్తారు, లేదా స్కూల్లోనే వదిలేస్తారు, ఆ తర్వాత హెడ్మాస్టారు మారిపోతే అది ఎక్కడుందో దేవుడికి తెలియాలి. డిగ్రీ అయ్యాక తెలిస్తే చేసేదేం లేదు, ఆ వయసు, ఆ పోటీ మళ్ళీ రావు కదా. అందుకే ఈ సమాచారం డిగ్రీ పిల్లలకి కాదు, హైస్కూలు పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి అందాలి.

సరిహద్దులో ఉన్నందుకు మాకు వచ్చే చిక్కులు వేరు. ఆంధ్రలో ఈ కోర్సులకి పీఈసెట్ అనే ఎంట్రన్స్ ఉంది, అందులో రాతపరీక్ష లేదు, వంద మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్, మగపిల్లలకి 800 మీటర్లు, ఆడపిల్లలకి 400 మీటర్లు, ఆపైన తను ఎంచుకున్న ఆటలో నైపుణ్యం చూస్తారు. మా పిల్లలకి అచ్చంగా సరిపోయే పరీక్ష. కానీ అక్కడ 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి, ఒడిశాలో చదివిన పిల్ల ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా నాన్‌లోకల్ లెక్కలోకే వస్తుంది, మిగిలిన సీట్లకి కూడా ఎవరు అర్హులో వేరే నిబంధనలున్నాయి. సరే ఒడిశాలోనే చదువుదామంటే భువనేశ్వర్‌లో ప్రభుత్వ వ్యాయామ కళాశాల ఉంది, చదువుకోవచ్చు, కాకపోతే తర్వాత ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి ఒడియా చదివినట్టు చూపించాలి. తెలుగు మీడియంలో చదివించిన తల్లిదండ్రులు ఇది ముందే తెలుసుకుని పిల్లకి ఒడియా పరీక్ష రాయించాలి. తెలుగు వద్దని నేను అనను, నేనే మా అమ్మాయికి రోజూ తెలుగు పేపరు చదివించేదాన్ని, రెండూ ఉండాలంటాను. మహారాష్ట్ర వైపు సిరోంచా, బల్లార్‌పూర్, కిన్వట్‌లలో ఉన్న మనవాళ్ళకి విదర్భలోని అమరావతిలో హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ ఉంది, 1914లో మొదలైంది, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్ళి మన దేశీ ఆటలు ప్రదర్శించి వచ్చిన సంస్థ, అక్కడ వ్యాయామ విద్య డిగ్రీ కాలేజీ నడుస్తోంది. అంత పాత సంస్థ తమ రాష్ట్రంలోనే ఉందని అక్కడి తెలుగువాళ్ళు ఎంతమందికి తెలుసో మరి.

లోకల్, నాన్‌లోకల్ గొడవ లేకుండా దేశమంతటికీ ఉన్నవి కొన్ని ఉన్నాయి. గ్వాలియర్‌లో 1957లో పెట్టిన లక్ష్మీబాయి వ్యాయామ విద్యా సంస్థ, కోచ్ కావాలనుకునేవాళ్ళకి పాటియాలాలో 1961 నుంచి ఉన్న నేతాజీ సుభాష్ సంస్థ, 2018లో చట్టం చేసి మణిపూర్‌లో పెట్టిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం. పాటియాలా డిప్లొమా ఉన్న కోచ్‌కి ఇప్పటికీ ఉన్న విలువ వేరు. వీటికి భాషతో పని లేదు అనను, ఇంగ్లీషు, హిందీ కావాలి, కానీ సరిహద్దు పిల్లలు చిన్నప్పట్నుంచీ మూడు నాలుగు భాషల మధ్య పెరిగినవాళ్ళు, ఆ భయం వాళ్ళకి తక్కువ.

ఇంక టీచరు, కోచ్ కాకుండా ఉన్న దారులు. మా అమ్మాయి జట్టులో ఒక పిల్లకి రైడ్‌కి వెళ్ళి తిరుగుతుండగా కాలు నేల మీద ఆగిపోయి ఒళ్ళు పక్కకి తిరిగింది, మోకాల్లో టప్‌మని చప్పుడు వినపడిందట. ఊళ్ళో నూనె రాసి లాగి కట్టు కట్టారు. వాపు తగ్గగానే మళ్ళీ ఆడింది, మళ్ళీ పడింది. చివరికి స్కాన్ తీస్తే మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిపోయి ఉంది. కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి ఇది చాలా మామూలు దెబ్బ. ఆపరేషన్ అయ్యాక కూడా కనీసం తొమ్మిది నెలలు పద్ధతి ప్రకారం వ్యాయామాలు చేయించి, రెండు కాళ్ళ బలం సమానంగా వచ్చిందో లేదో కొలిచి గానీ మైదానంలోకి దింపకూడదు. అది చేయించేది ఫిజియోథెరపిస్టు. జిల్లా అంతా వెతికినా ఆటల దెబ్బలు తెలిసిన ఫిజియో, అందులోనూ ఆడమనిషి, మాకు దొరకలేదు. ఆ చదువు ఎక్కడో అమెరికాలో లేదు, మన కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ స్వామి వివేకానంద పునరావాస శిక్షణ సంస్థలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, ఉంది. ప్లస్ టూలో బైపీసీ లాంటి గ్రూపు చదివి, ఎంబీబీఎస్ సీటు రాలేదని ఏడుస్తూ కూర్చున్న పిల్లలకి, అందులో ఆటలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి, ఇది ఎవరైనా చెప్పారా? తర్వాత రెండేళ్ళ మాస్టర్స్‌లో స్పోర్ట్స్ ఫిజియో చెయ్యొచ్చు.

జిమ్ముల సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా సందుకో జిమ్ము. కండలున్నవాడల్లా ట్రైనర్. షుగరున్న యాభై ఏళ్ళాయనకి, కాన్పు అయిన ఆడమనిషికి, పదిహేనేళ్ళ కుర్రాడికి ఒకటే షెడ్యూలు రాసిచ్చేస్తున్నారు. డబ్బాల్లో పౌడర్లు అమ్ముతున్నారు, కొన్నిచోట్ల ఇంజెక్షన్లు కూడా అని పిల్లలే చెప్తున్నారు. పోటీల్లో ఆడే పిల్లకి ఆ డబ్బాలో ఏముందో తెలియకపోతే డోపింగ్ టెస్టులో దొరికి మొదటిసారికే నాలుగేళ్ళ దాకా నిషేధం పడొచ్చు, 2022 నుంచి దీనికి ప్రత్యేకంగా చట్టం కూడా ఉంది. ఎముక ఎలా ఎదుగుతుంది, గుండె ఎంత వేగం తట్టుకుంటుంది, కండకి విశ్రాంతి ఎందుకు కావాలి, ఇవన్నీ శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం పేర్లతో పుస్తకంలో ఉన్న చదువులే, బీపీఎడ్‌లో కూడా చెప్తారు. ఫిట్‌నెస్ ట్రైనర్లకి కేంద్రం నైపుణ్య శిక్షణ కింద గుర్తింపు ఉన్న కోర్సులున్నాయి. ఆడవాళ్ళకి ఆడ ట్రైనర్ కావాలని అడిగేవాళ్ళు మా కాలనీలోనే ఎంతోమంది, పనికి కొదవ లేదు, చదివినవాళ్ళే లేరు.

వినోదం, విహారం వైపు కూడా పని ఉంది. మాకు గోపాల్‌పూర్ సముద్రం ఉంది, మహేంద్రగిరి ఉంది, కోరాపుట్‌లో ఒడిశాకే ఎత్తైన దేవమాలి ఉంది. లైఫ్‌గార్డులకి గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ శిక్షణ ఇస్తుంది, కొండలెక్కించే గైడ్లకి ఉత్తరకాశీలో 1965 నుంచి నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉంది. ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన సవర, కోంధ్ గిరిజన పిల్లలకి ఈ శిక్షణ ఇప్పిస్తే బయటి ఊళ్ళ నుంచి గైడ్లు రానక్కర్లేదు.

ఒడిశా ప్రభుత్వం ఆటల మీద బాగా ఖర్చుపెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2017లో ఆసియా అథ్లెటిక్స్, 2018, 2023లలో హాకీ ప్రపంచకప్‌లు ఇక్కడే జరిగాయి, 2018 నుంచి జాతీయ హాకీ జట్లకి స్పాన్సర్ ఈ రాష్ట్రమే. ఆ స్టేడియాల్లో పనిచేసే మనుషులు కూడా కావాలి కదా. ఇంకోపక్క విద్యాహక్కు చట్టం 2009లోనే స్కూలుకి ఆటస్థలం ఉండాలని చెప్పింది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ బోధకుడైనా ఉండాలంది. మా వైపు ఎన్నో స్కూళ్ళలో ఆటల పీరియడ్ అంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. పోస్టులు నింపకుండా చదవమంటే పిల్లలు ఎందుకు చదువుతారని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, ఆ ప్రశ్న మీ పేపరు ద్వారా ప్రభుత్వాలని అడగాలి. ముఖ్యంగా ఆడ పీఈటీలు, అంటే వ్యాయామ టీచర్లు, కావాలి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు ఆట మానేస్తున్నారంటే సగం కారణం, నెలసరి రోజుల్లో ఏం చెయ్యాలో, ఏ బట్టలు వేసుకోవాలో అడగడానికి అక్కడ ఒక ఆడమనిషి లేకపోవడమే.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాలకి వచ్చే ఎడిషన్‌లో ఆటల చదువుల మీద ఒక పేజీ వెయ్యండి. ఫలితాలు వచ్చాక కాదు, స్కూళ్ళ మధ్య పోటీలు మొదలయ్యే ముందే వెయ్యండి, అప్పుడైతే పిల్లలు కాగితాలు దాచుకుంటారు. ఏ కోర్సుకి ఏ సర్టిఫికెట్ కావాలి, వేరే రాష్ట్రం పిల్లలకి ఎక్కడ సీటు ఉంటుంది ఎక్కడ ఉండదు, ఏ కాలేజీకి గుర్తింపు ఉందో ఎలా చూసుకోవాలి, హాస్టల్ ఫీజు ఎంత, ఈ నాలుగూ ఉంటే చాలు. ఆ పేజీ మా చుట్టుపక్కల తెలుగు స్కూళ్ళ నోటీసు బోర్డులకి అంటించే పని మేం తల్లులం చూసుకుంటాం.

ఇట్లు
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా