అప్‌డేట్ ఆగిపోతే వస్తువు ఎవరిది? ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

ప్రతి సేవనూ ఫోన్‌లోకి తెస్తున్నామని మీరు చెబుతుంటే చప్పట్లు బాగానే పడుతున్నాయి. ఆ యాప్ తెరిచేవాళ్ల ఫోన్ సంగతే ఎవరూ ఎత్తడం లేదు. తెర పగల్లేదు, బ్యాటరీ రోజంతా వస్తోంది, కాల్స్ వెళ్తున్నాయి. కానీ కంపెనీ ఆ ఫోన్‌కు అప్‌డేట్లు ఆపేసింది కాబట్టి, "మీ ఫోన్‌లో ఈ యాప్ పనిచేయదు" అని ఒక్క ముక్క చూపించి ఊరుకుంటుంది. అంటే మీ సేవ అందాలంటే ముందు కొత్త ఫోన్ కొనాలి. ఈ షరతు ఏ ఉత్తర్వులోనూ రాసి ఉండదు.

'స్మార్ట్' వస్తువులది ఇంకో కథ. ఇంట్లో లైట్లు, తాళాలను ఫోన్‌తో నడిపించే రివాల్వ్ అనే హోమ్ హబ్‌ను నెస్ట్ కంపెనీ కొనేసి, 2016 మేలో అది పనిచేయడానికి కావలసిన సర్వర్లు (కంపెనీ దగ్గరుండే కంప్యూటర్లు) ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ప్లాస్టిక్ డబ్బా మిగిలింది. అసలు లైటు వెలగడానికి ఎక్కడో ఉన్న సర్వర్ అనుమతి దేనికో!

ఇది చట్టంతో అయ్యే పని కాదనకండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కు కలిసే వస్తువులకు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీలు ముందే చెప్పాలి. 2025 జూన్ 20 నుంచి వచ్చే ఫోన్ మోడళ్లకు, అమ్మకాలు ఆపాక కూడా 5 ఏళ్లు అప్‌డేట్లు ఉండాలని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. (అందులోనూ సందులున్నాయనే వాదన ఉంది లెండి.)

మందు సీసా మీద ఉన్నట్టే ఫోన్ పెట్టె మీదా అప్‌డేట్ల గడువు తేదీ వేయించండి. అది జరిగేదాకా, కాగితం దరఖాస్తు తీసుకునే కౌంటర్లు మూయకండి.

ఇట్లు,
ఒక వినియోగదారు