ఆరే సమయాన్నీ పనిగానే చూడాలి

సంపాదకులకు,

కళల మీద వచ్చే వ్యాసాల్లో ప్రేరణ గురించి చాలానే ఉంటోంది, పని ఎక్కడ చెడుతుందో మాత్రం ఉండటం లేదు. కొత్తగా నేర్చుకునేవారికి కావలసింది అదే. వారి పని ఎక్కువగా తొందర వల్లే పాడవుతుంది.

నీటిరంగుల్లో మొదటి పూత సగం ఆరినప్పుడు తడి కుంచె తగిలితే, ఆ నీరు రంగును పక్కకు నెట్టి కాలీఫ్లవర్ లాంటి మరక వేస్తుంది. కాగితం మీద మెరుపు పోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. మునివేళ్ల కంటే చేతి వెనుక భాగం ఆనించి చూడటం మంచిది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక రంగు వెలిసినట్టవుతుంది కనుక మొదటే కాస్త చిక్కగా వేయాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) కంటే పలచని కాగితాన్ని ముందుగా తడిపి, బోర్డుకు గమ్ టేపుతో అంటించి, ఆరాకే పని మొదలుపెట్టాలి. లేకుంటే కాగితం ఉబ్బి, పల్లాల్లో రంగు నిలిచిపోతుంది.

మట్టి పనిలోనూ అంతే. కప్పు, పిడి ఒకే తడిలో ఉన్నప్పుడే అతకాలి. తేడా ఉంటే తడి ఎక్కువున్నది ఆరుతూ ఎక్కువ కుంచించుకుపోయి అతుకు పగులుతుంది. రెండువైపులా గీతలు గీసి, మట్టి జావ పూసి నొక్కి, ప్లాస్టిక్ కవరు కప్పి నిదానంగా ఆరనివ్వాలి.

వాద్య సాధనలో తప్పు పడేచోటును మాత్రమే, అటూ ఇటూ రెండు స్వరాలతో కలిపి, సగం వేగంలో వాయించాలి. వరుసగా ఐదుసార్లు శుద్ధంగా పలికాకే మెట్రోనోమ్‌ (లయ వేగాన్ని టిక్కు టిక్కుమని చూపే పరికరం) వేగాన్ని నిమిషానికి నాలుగు దెబ్బలు పెంచాలి.

ఇలాంటి వివరాలకు మీ పత్రికలో వారానికి అర కాలమ్ కేటాయించమని మనవి.

– ఒక చిత్రకళా ఉపాధ్యాయురాలు