పర్లాకిమిడి రక్తదాతల జట్టుకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు

నిన్న మధ్యాహ్నం మా పాపకు రక్తం ఎక్కించి ఇంటికి తీసుకువచ్చాము. మీరందరూ ఒక జట్టుగా ఏర్పడిన తరువాత అందిన 50వ యూనిట్ అది. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పిన కృతజ్ఞత చాలదనిపించి, అందరికీ తెలిసేలా ఇక్కడ రాస్తున్నాను.

పాపకు తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే వ్యాధి. మూడు వారాలకొకసారి, అంటే ఏడాదికి 17 సార్లు రక్తం ఎక్కించాలి. ఈ వ్యాధి జన్యువు మా దంపతులిద్దరిలోనూ ఉంది. మా ఇద్దరి హిమోగ్లోబినూ తక్కువే కనుక, కన్నబిడ్డకు మా రక్తం ఇచ్చే వీలు కూడా మాకు లేదు. మూడేళ్ల క్రితం వేసవిలో, కాలేజీలు మూసి శిబిరాలు జరగని రోజుల్లో, ఒక బ్లడ్ బ్యాంకులో బి పాజిటివ్ నిల్వ లేదని రెండుసార్లు వెనక్కి పంపారు. ఆ సాయంత్రం పాప పెదవులు పాలిపోయి, ఇంటి మూడు మెట్లు ఎక్కలేక నా కొంగు పట్టుకుని మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయింది. రాత్రి వాట్సాప్‌లో నేను చేసిన విన్నపానికి 40 మందికి పైగా వస్తామన్నారు. తెల్లవారి ముగ్గురు వచ్చారు. రానివారిని నేను తప్పు పట్టలేదు; అందరికీ పనులుంటాయి, భయాలుంటాయి.

ఆ ముగ్గురిలో ఒకరైన మాస్టారు, బడి హాజరుపట్టీ వంటిదే ఒకటి కొని, ఎర్ర సిరాతో గడులు గీసి మా ఇంటికి తెచ్చారు. పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, మళ్లీ ఇవ్వగల తేదీ, ఆ రోజు రాలేకపోతే బదులు వచ్చే మనిషి. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారే ఇవ్వవచ్చు కాబట్టి లెక్క ప్రకారం ఐదుగురు చాలు. కానీ మన ప్రాంతంలో ఒకరికి మలేరియా వస్తే తగ్గాక కూడా మూడు నెలలు ఆగాలి, మరొకరు పని కోసం సూరత్ వెళ్తారు, ఇంకొకరు పచ్చబొట్టు పొడిపించుకుని ఏడాదిపాటు దూరమవుతారు. అందుకే మాస్టారు 24 పేర్లు చేరేదాకా తిరుగుతూనే ఉన్నారు: సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లారు, కాశీనగరం వెళ్లారు, ఒడియా మిత్రుల ఇళ్లకూ కొండ మీది సవర యువకుల దగ్గరకూ వెళ్లారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. రాలేనన్నవారిని కారణం అడగకూడదు. ఆ మాట మాత్రం రెండు రోజుల ముందు చెప్పాలి. ఈ మూడేళ్లలో మా పాపకు ఒక్క విడత కూడా తప్పలేదంటే, ముందుగా "ఈసారి నా వల్ల కాదు" అని చెప్పినవారి నిజాయతీ వల్ల కూడానని నేను నమ్ముతున్నాను, వారికీ నమస్కరిస్తున్నాను.

టైలరింగ్ చేసే అక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె హిమోగ్లోబిన్ 11.2 ఉంది, 12.5 ఉంటే గాని తీసుకోరు. వేలి మీద దూదిని నొక్కి పట్టుకునే, "అయితే ఫోన్లు నేను చేస్తాను, ఆ పట్టీ ఇటివ్వండి" అన్నారు. అప్పటినుంచి ప్రతి విడతకూ వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి గుర్తు చేసేది ఆమే. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటూ ఐదు నెలల తరువాత 12.7తో మళ్లీ వచ్చి, తన వంతు రక్తం ఇచ్చి, ఆ సాయంత్రమే కుట్టుమిషను ముందు కూర్చుని తరువాతి వంతు వారికి ఫోన్ చేశారు.

మధ్యలో ఒకసారి జట్టులో మనస్పర్థ కూడా వచ్చింది. ఒకరికి శాలువా కప్పి ఫొటో తీయించినప్పుడు, అంతకుముందు నుంచీ ఇస్తున్న ఇద్దరు బాధపడి మానేశారు. ఆ శాలువా కప్పించింది నేనే, తప్పు నాదే. వెల్డింగ్ షాపు అన్నయ్య వారిద్దరి ఇళ్లకూ వెళ్లి మాట్లాడి తీసుకువచ్చారు. ఆ రోజు నుంచి ఫొటోలు, శాలువాలు మానేశాము. దానికి బదులు, పాపకు ఎక్కించిన మర్నాడు ఆ విడత రక్తమిచ్చినవారితో పాప ఫోనులో మాట్లాడుతుంది. మీరిచ్చిన రక్తం పరీక్షల తరువాత నిల్వలో చేరుతుందని, పాపకు ఎక్కేది క్రాస్‌మ్యాచ్ అయిన, అంటే పాప రక్తంతో సరిపోతుందని పరీక్షలో తేలిన, వేరొకరి యూనిట్ కావచ్చని తెలిసి కూడా, ఎవరిదైతేనేం అంటూ ఇస్తున్న మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాము.

గత నెల నుంచి పాతపట్నం వైపు ఊళ్లో సికిల్ సెల్ వ్యాధి ఉన్న ఒక బాబు పేరు కూడా మన పట్టీలో చేరింది. ఆ బాబు ఓ పాజిటివ్. ఆ పేజీలో మొదటి గడిలో మా మరిది పేరు రాయించాము. రెండో గడి నుంచి ఖాళీగా ఉంది. ఓ పాజిటివ్ వారెవరైనా టైలరింగ్ అక్కకు ఒక్క ఫోన్ చేయండి.