ఆ క్యాప్సూల్స్ ఇంక ముట్టుకోకు

చిన్నోడా,

నువ్వు కాకినాడ వెళ్ళిపోయాక అమ్మ నీ పాత బ్యాగు దులిపితే ఆ డబ్బా బయటపడింది. ప్రోటీన్ అనుకుందంట, లేబుల్ చూస్తే మిథాస్టెరాన్ అని ఉంది. ప్రోహార్మోన్ అని, అంటే ఒంట్లోకి వెళ్ళాక హార్మోన్‌గా మారేదని అమ్ముతున్నారు గానీ అది నేరుగా కండ పెంచే స్టెరాయిడేరా. అమెరికాలో 2005 ప్రాంతంలో సప్లిమెంట్ అని అమ్మేశారు, వాడినోళ్ళకి కామెర్లు వచ్చి హాస్పిటళ్ళలో పడ్డారు, 2012లో కంట్రోల్డ్ డ్రగ్స్ లిస్టులో పెట్టేశారు.

మింగిన మందు లివర్లో విరిగిపోకుండా ఉండాలని దానికి మిథైల్ గ్రూపు అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తారు, లివర్‌ని దెబ్బతీసేది అదే. పైత్యరసం కిందకి దిగక లోపలే నిలిచిపోద్ది, ముందు ఒళ్ళంతా దురద, రాత్రిళ్ళు నిద్ర పట్టదు, తర్వాత మూత్రం ముదురు రంగు, కళ్ళు పచ్చన. మందు ఆపేసాక కూడా నెలలు పట్టొచ్చు, కొందరికి కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. దాంతోపాటు అమ్మే లివర్ సపోర్ట్ బిళ్ళలు కాపాడతాయని నమ్మకు.

ఇంకోటి, నాన్నతో మాట్లాడ్డానికి సిగ్గుపడకు. బయట నుంచి హార్మోన్ పడితే మెదడు సొంత టెస్టోస్టెరాన్ తయారీకి సిగ్నల్ పంపడం ఆపేస్తది, వృషణాలు చిన్నవైపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. ఆపేసాక నీరసం, దిగులు, పెంచిన కండ కూడా జారిపోద్ది. మంచి కొలెస్ట్రాల్ బాగా పడిపోద్ది, అది గుండెకి మంచిది కాదు.

మన చెరువులో రొయ్యకి కొత్త మందు వెయ్యాలంటే అందులో యాంటీబయాటిక్ ఉందేమోనని ఎంత ఆరా తీస్తామో నీకు తెలుసు కదా, మరి నీ ఒంట్లోకి ఎవడో జిమ్ములో ఇచ్చింది అడక్కుండా ఎలా మింగేశావురా?

ఇవాళే ఆపెయ్. లివర్ ఫంక్షన్, కొలెస్ట్రాల్, కిడ్నీ, టెస్టోస్టెరాన్ టెస్టులు చేయించుకో. డాక్టరు గారికి ఏం వాడావో ఎన్నాళ్ళు వాడావో ఉన్నదున్నట్టు చెప్పు, దాస్తే ఆయన వైరల్ కామెర్లు అనుకునే ప్రమాదం ఉంది. మందు కొట్టకు, డాక్టర్ని అడక్కుండా పారాసెటమాల్ కూడా వేసుకోకు. నాయనమ్మకి తెలిస్తే నేలఉసిరి పసరు పోయిద్దాం అంటది, దాంతో రోజులు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

డబ్బా పారెయ్యలేదు, లేబుల్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను, డాక్టరుకి చూపించు. టెస్టులకి డబ్బులు వేశాను. కళ్ళు ఏమాత్రం పచ్చగా అనిపించినా అర్ధరాత్రైనా ఫోన్ చెయ్, బండేసుకుని వచ్చేస్తా.

మీ నాన్న