లీటరును పిల్లల చేతికివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నగరంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయురాలు నమస్కరించి రాస్తున్న లేఖ. బదిలీల గురించో, యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పని గురించో మీకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. నేను రాస్తున్నది గణితంలో ఏటా వచ్చి, ఏటా నల్లబల్ల మీదే ముగిసిపోయే ఒక చిన్న పాఠం గురించి. అది ద్రవాల కొలత.

మా నాలుగో తరగతిలో 3 లీటర్ల 250 మిల్లీలీటర్లను మిల్లీలీటర్లలోకి మార్చమంటే చాలామంది 3,250 అని తడుముకోకుండా రాస్తారు. ఆ పిల్లలకే ఒక స్టీలు చెంబు చూపించి, ఇందులో ఎన్ని నీళ్లు పడతాయో చెప్పమంటే ఒకరు పది లీటర్లంటారు, ఇంకొకరు యాభై మిల్లీలీటర్లంటారు. వెయ్యితో గుణించడం వాళ్లకు వచ్చు, లీటరంటే ఎంతో తెలియదు. ఎలా తెలుస్తుంది? లీటరును మేము వాళ్లకు పుస్తకంలో బొమ్మగా తప్ప చూపించలేదు.

ఒకే నీళ్లను వెడల్పాటి గిన్నెలోంచి సన్నటి పొడుగు పాత్రలోకి వంపితే నీళ్లు పెరిగాయని చిన్నపిల్లలు నమ్ముతారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే గత శతాబ్దంలోనే చూపించారు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మేమంతా పరీక్షలో రాసి వచ్చిన సంగతే ఇది. నా మటుకు నాకు అది నిజంగా అర్థమైంది రెండో తరగతి పాప ఒకతె నా ముందు కూర్చుని నీళ్లు పోసినప్పుడు. గిన్నెలో నీళ్లున్న చోట సుద్దముక్కతో గీత పెట్టి, వాటిని సీసాలోకి పోయించాను. "పొడుగు దాన్లో ఎక్కువున్నాయి టీచర్" అంది. తిరిగి గిన్నెలోకి వంపమన్నాను. నీళ్లు గీత దగ్గరికే వచ్చి ఆగాయి. మళ్లీ సీసాలో పోసింది, మళ్లీ గిన్నెలో పోసింది. నాలుగుసార్లు అటూ ఇటూ పోసి, మోచేతుల దాకా తడిసి, చివరికి "అవే నీళ్లు" అంది, నాతో కాదు, గిన్నెతో. ఆ మాట నేనే చెప్పి ఉంటే తలూపి ఊరుకునేది.

ఇక్కడ మన భాష చేసే సాయాన్ని కూడా చెప్పుకోవాలి. తెలుగులో ఏ పాత్ర పేరుకైనా చివర ఒక చిన్న ప్రత్యయం తగిలిస్తే అది కొలత అయిపోతుంది: గ్లాసెడు, చెంబెడు, బిందెడు, గరిటెడు, పాత్ర లేకపోతే దోసెడు, గుక్కెడు. ఒకటో తరగతి పిల్లలు ఈ మాటలతోనే బడికి వస్తారు. మా పిల్లల నాయనమ్మలు కొందరు ఇప్పటికీ గిద్దెడు నూనె, సోలెడు పాలు అంటారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. సగాలూ పావులూ ఇందులోనే ఉన్నాయి కనుక భిన్నాల పాఠానికి ఇంతకన్నా మంచి ముందుమాట నాకు కనబడలేదు. 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చి ఈ పాత కొలతలు చెలామణి నుంచి తప్పుకోవడం సబబే. ఎందుకు సబబో కూడా పిల్లలు తమంతట తామే కనుక్కోగలరు. మీ ఇంటి బిందెలో ఎన్ని చెంబులు పడతాయో కొలిచి రండని మూడో తరగతికి చెప్పి పంపితే, మరునాడు ఒకడు పన్నెండన్నాడు, ఒకతె పదిహేడంది. పెద్ద బిందె ఎవరిదని అరగంట వాదించుకున్నాక, ఒక పిల్లవాడు లేచి "ముందు చెంబులు తెండి" అన్నాడు. ప్రామాణిక కొలత ఎందుకు కావాలో నేను ఇక చెప్పవలసింది మిగల్లేదు.

ఆ తర్వాతే చిక్కు వస్తుంది, ఎందుకంటే బడిలో ప్రామాణిక కొలత ఉండదు. ఖాళీ నీళ్ల సీసాలతో నడిపించవచ్చు కదా అని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. నేనూ కొంతకాలం అలాగే నడిపాను. లీటరు సీసా మీద రాసి ఉండేది లోపల పోసి అమ్మిన నీళ్ల కొలత. మూతికీ నీటికీ మధ్య కొంత ఖాళీ వదులుతారు కనుక, పిల్లలు అంచుదాకా నింపితే లీటరుకు పైనే పడతాయి. దానితో కొలిచిన ప్రతి లెక్కా తప్పుతుంది, ఎక్కడ తప్పిందో పిల్లలకు అర్థం కాదు. గతంలో నేను పనిచేసిన ఒక బడికి కొలజాడీలు వచ్చిన మాట నిజమే. వాటిమీది గీతలు రంగుతో అచ్చువేసినవి. నాలుగుసార్లు కడిగేసరికి చెరిగిపోయాయి. చెరగకుండా మిగిలిన ఒక్కటీ బీరువాలోకి వెళ్లింది, ఎందుకంటే అది స్టాక్ రిజిస్టరులో ఎక్కిన వస్తువు, పగిలితే జవాబు చెప్పుకోవలసింది ప్రధానోపాధ్యాయులు. వారిని తప్పుపట్టలేను. కానీ పిల్లల చేతిలో పగలకుండా ఉండాలనుకునే వస్తువు పిల్లలకు చేరదు.

పిల్లలకు చేరితే ఏమవుతుందో కూడా మనవి చేస్తాను. ఆమధ్య పూర్ణా మార్కెట్ దగ్గర పాత్రల కొట్లో, పాలవాళ్లు, నూనె వర్తకులు వాడే ముద్ర వేసిన లీటరు కొలత ఒకటి, 200, 100, 50 మిల్లీలీటర్లవి ఒక్కొక్కటి నా డబ్బుతో కొన్నాను. రాగిజావ వడ్డించే గరిటెను నాలుగో తరగతి పిల్లలు నీళ్లతో కొలిచారు: 100 ఒకటి, 50 ఒకటి, మొత్తం 150 మిల్లీలీటర్లు. ఆ రోజు హాజరు 42. గుణిస్తే 6,300, అంటే 6 లీటర్ల 300 మిల్లీలీటర్లు. లెక్క పట్టుకుని వంటమ్మ దగ్గరికి పరుగెత్తారు. ఆమె గిన్నె లోపల వేలు పెట్టి "ఇక్కడిదాకా కదా" అంది. లీటరు కొలతతో పోసి చూస్తే ఆ వేలికి కాస్త కిందుగా ఆగాయి నీళ్లు. బడికి వెళ్లని ఆమె చేతికి తెలిసిన సంగతి, బడికి వస్తున్న పిల్లల చేతికి తెలియకపోవడం నాకు చిన్నతనంగా అనిపించింది.

ఇంకొక సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఒక వేసవిలో మా విద్యార్థిని తమ్ముడికి విరేచనాలు పట్టుకుంటే, లీటరు నీళ్లలో కలపవలసిన ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని ఇంట్లో ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి తాగించబోయారు. అంత చిక్కగా కలిపితే ఉప్పు మోతాదు మించి పసివాళ్లకు మేలుకు బదులు కీడు జరుగుతుంది. పొట్లం మీద రాసింది చదివి, "మా బడి గ్లాసుతో ఐదు గ్లాసులు పోయాలి" అని ఆపింది తొమ్మిదేళ్ల ఆ పిల్ల. దగ్గు మందు మూతమీద 5 మిల్లీలీటర్ల గీత ఉండగా వంటింటి చెంచాతో పోసే ఇళ్లు మా వీధుల్లో ఎన్నో ఉన్నాయి.

ఐదో తరగతికి వస్తే, పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లున్న అట్టపెట్టెలో పాలిథిన్ కవరు పరిచి లీటరు నీళ్లు పోస్తే సరిగ్గా అంచుకు వస్తాయి. ఆ నీళ్లు తూస్తే దాదాపు కిలో. నూనె ప్యాకెట్టు మీద మాత్రం లీటరుకు 910 గ్రాములని ఉంటుంది. ఎందుకో పిల్లలే అడుగుతారు.

అందుకని నా విన్నపం ఇది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 1 లీటరు, 500, 200, 100, 50 మిల్లీలీటర్ల లోహపు కొలతపాత్రలు ఒక జత, గీతలు పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన పారదర్శకమైన కొలజాడీ ఒకటి ఇప్పించండి. నీటిమట్టం మధ్యలో కొద్దిగా కిందికి వంగి ఉంటుందని, ఆ వంపు అడుగును కంటికి సమాన ఎత్తులో ఉంచి చదవాలని పిల్లలు తెలుసుకోవడానికి ఆ జాడీ కావాలి. వీటిని వాడుకలో అరిగిపోయే, విరిగిపోయే వస్తువులుగా లెక్కించి, ఏడాది చివర ప్రధానోపాధ్యాయుల సంతకంతోనే రిజిస్టరు నుంచి తొలగించే వీలు కల్పించండి. వస్తువుల కన్నా నేను గట్టిగా అడుగుతున్నది ఈ రెండోదే.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, మౌలిక గణితం రావాలని 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మొదలైంది. దానికి పెట్టుకున్న గడువు 2026–27. పరీక్షలో ఒక్క ప్రశ్నయినా కాగితం మీద కాకుండా పిల్లల చేత పోయించి, అంచనా వేయించి చూసేలా ఆదేశించండి. పరీక్షలో లేనిది తరగతిలో ఉండదన్న సంగతి తమకు తెలియనిది కాదు. ఒకే టీచరు ఐదు తరగతులూ చూసుకునే బడుల్లో ఇది కష్టం. అక్కడ మూడు, నాలుగు, ఐదు తరగతులను కలిపి కూర్చోబెట్టి చేయించవచ్చు, పెద్దపిల్లలు చిన్నవాళ్లకు పోయించగలరు. నీళ్లు వృథా అవుతాయన్న అభ్యంతరం వస్తే, మేము కొలిచిన నీళ్లు కరివేపాకు మొక్కకు వెళుతున్నాయి, అదీ కొలిచే.

బడులు తెరిచే జూన్ 12 లోగా ఉత్తర్వు వస్తే ఈ ఏడాది పిల్లలకే అందుతుంది. అప్పటిదాకా నేను కొన్న కొలతలు మా బడిలోనే ఉంటాయి. పక్క బడి టీచరుగారు అడిగితే శుక్రవారం సాయంత్రం ఇచ్చి, మంగళవారం తెచ్చుకుంటున్నాం.

భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం