ఏ పుస్తకం ఆపుతారో అడగండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న వ్యాపారాల డిజిటల్ మార్పు గురించి రాసేవాళ్లంతా సబ్సిడీ ఎంత, శిక్షణ ఎందరికి అనే లెక్కలు చెబుతారు. యజమాని ఏం నిర్ణయించుకున్నాడని మాత్రం అడగరు. చిన్న యూనిట్లలో బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ పెట్టడం నా పని. నేను చూసినంతలో అసలు కిటుకు అక్కడే ఉంది.

ఒక వర్క్‌షాపులో స్టోర్ కీపర్ సరుకు ఇచ్చినప్పుడల్లా పుస్తకంలో రాస్తాడు. సాయంత్రం ఆ పేజీ ముందు పెట్టుకుని అంతా మళ్లీ కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. "పుస్తకం ఆపేద్దాం సార్" అంటే, "ఉండనీవయ్యా, ఉంటే నష్టమేముంది" అంటారు యజమాని. నష్టం ఉంది. కొనుగోళ్లు చూసే మనిషికి మధ్యాహ్నం తెర మీద కనిపించేది నిన్నటి నిల్వ. దాంతో అతను తెర చూడటమే మానేసి స్టోర్‌కి ఫోన్ చేస్తాడు. డబ్బు పోసి కొన్నా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. (పుస్తకం ఆపేస్తే లెక్కలు చేజారిపోతాయేమోనన్న యజమాని భయం పూర్తిగా తప్పనీ అనను. మన డేటాను మనల్నే బయటికి తీసుకోనివ్వని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి.)

ఇది కొత్త సంగతేం కాదు. ఫ్యాక్టరీలకు కరెంటు వచ్చిన కొత్తలో చాలామంది ఆవిరి యంత్రం తీసేసి, ఆ చోటే పెద్ద మోటారు బిగించారు. దాని శక్తిని యంత్రాలన్నిటికీ అందించే, పైన తిరిగే షాఫ్టులు, బెల్టులు అలాగే ఉంచేశారు. యంత్రానికో మోటారు పెట్టి, పని సాగే వరుసను బట్టి షెడ్డునే మార్చుకున్నాక గానీ అమెరికాలో అసలు ఫలితం రాలేదు. అప్పటికి 1920లు వచ్చేశాయి. ఈ ఆలస్యాన్ని కంప్యూటర్లతో పోలుస్తూ ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో వివరించారు.

పైగా ఒకరి నిర్ణయం ఆ షెడ్డుతో ఆగదు. ఆర్డర్లిచ్చే పెద్ద యూనిట్ వాటిని ఫైలుగా పంపితే, జాబ్ వర్క్ చేసే చుట్టుపక్కల వాళ్లూ అలా తీసుకోవడం నేర్చుకుంటారు. కాగితం ఫొటో తీసి పంపితే అందరూ కూర్చుని టైపు చేసుకోవాల్సిందే. మనుషుల విషయమూ అంతే. "నేర్పితే పోతారండీ" అని ఎవరికి వారు ఫోన్ సపోర్టుతో సరిపెట్టుకుంటే, ఆ ప్రాంతంలో పని తెలిసినవాడే మిగలడు. నేర్చుకున్న కుర్రాడు పక్క యూనిట్‌కి వెళ్లినా విద్య ఊళ్లోనే ఉంటుంది కదా!

ఐరోపా సమాఖ్య తన డిజిటల్ ఇన్నోవేషన్ హబ్‌లలో, అంటే డిజిటల్ మార్పుకు వ్యాపారాలకు సాయపడే కేంద్రాల్లో, కొనే ముందే పరీక్షించి చూసుకునే వీలు పెట్టింది. మంచి పద్ధతే. దానికి తోడు ఒక్క మాట రాయించుకోవాలి: ఇది పెట్టాక ఏ పుస్తకాన్ని ఏ తేదీ నుంచి ఆపేస్తారు? సబ్సిడీ దరఖాస్తుల్లోనూ ఆ గడి చేర్చవచ్చు. అది ఖాళీగా వదిలేసినవారికి డబ్బు ఇవ్వకపోయినా తప్పులేదు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ టెక్నీషియన్