అరేయ్ కండెన్సరూ, బాపు స్పీకర్లు విప్పాను

హన్మకొండ
ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర

అరేయ్ కండెన్సరూ,

ముందు తిట్టాల్సినంత తిట్టేసెయ్. ఉగాదికి ముందు నువ్వు రాసిన ఉత్తరం ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద కూర్చుని నన్నే చూస్తోంది. పాలు తీసినప్పుడల్లా మొహం తిప్పుకుంటున్నాను. ఇవాళ మీ బావ పెళ్ళికని వచ్చి మా ఇంట్లో దిగాడు. సాయంత్రం కాజీపేటలో భాగ్యనగర్ ఎక్కుతాడట. తిని పడుకున్నాడు, గురక వినిపిస్తోంది. ఆయన లేచేలోపు ఇది పూర్తి చేసి చేతిలో పెట్టాలి. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే రెండో ముక్క దగ్గరే నువ్వు అందుకుంటావు, ఇక నాకు వంతు రాదు. ఈ కథ మొత్తం నేనే చెప్పాలి.

ఇంటి సంగతులు ఒక్క గుక్కలో: మీ చెల్లెలికి ఈసారి కూడా బదిలీ కాలేదు, ఆ మాట ఆమె దగ్గర ఎత్తకు. చిన్నదానికి ఇంటర్లో లెక్కలు గట్టెక్కాయి. పెద్దోడు పూణేలోనే. మేడారం బంగారం, అదే ప్రసాదం బెల్లం, నీ వాటా డబ్బాలో దాచాను గానీ చీమలు ముందే దర్శనం చేసుకున్నాయి, పక్కకు దులిపి తిను. నా మోకాలు అట్లాగే ఉంది. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. బాపు స్పీకర్లు విప్పాను.

అవును, అవే. 1988లో రైల్వే డీజిల్ షెడ్డు బోనస్ డబ్బులతో సికింద్రాబాద్‌లో కొని, ప్యాసింజర్‌లో ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి తెచ్చిన బాక్సులు. నువ్వు పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు 'నోట్సు కోసం' మా ఇంటికి వచ్చేవాడివే, ఆ నోట్సు. అమ్మ సర్వపిండి కోసం కూడా అనుకో.

ఏడాదిగా ఎడమ బాక్సు జలుబు చేసినట్టు మాట్లాడుతోంది. బాపు ఏమీ అనలేదు. ఆయన చేసిందల్లా కుర్చీని కొద్దికొద్దిగా కుడివైపు జరపడం. నాలుగైదు నెలల్లో కుర్చీ బీరువా దాకా వచ్చింది. మీ చెల్లెలు ఊడుస్తూ 'ఈ కుర్చీ రోజుకో చోట ఉంటుంది' అని విసుక్కుంటే అప్పుడు నాకు వెలిగింది. ఆయన బాగున్న బాక్సు దగ్గరికి పోతున్నాడు!

నువ్వయితే వెంటనే ఏమంటావో నాకు తెలుసు: కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది. నేనూ అదే అనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున స్క్రూడ్రైవర్ పట్టుకుంటే బాపు వచ్చి చేతిలో చాక్‌పీసు పెట్టాడు. "గుర్తు వెట్టుకోని ఇప్పు బిడ్డా. షెడ్ల ఏది ఇప్పినా ముందుగాల గీత గీసేటోళ్ళం." ఇప్పుడు ఎవరు గీతలు గీస్తారు బాపూ అని ఫోన్‌తో ఫొటో తీశాను. చాక్‌పీసు జేబులో వేసుకుని అక్కడే మర్చిపోయాను, తర్వాత మీ చెల్లెలు బట్టలు ఉతికినప్పుడు... అది వేరే గొడవ.

లోపల ఏముందో చెప్తే నవ్వుతావు. ముందున్న గాలి రంధ్రంలోంచి మేం చిన్నప్పుడు వేసిన రెండు గోలీలు, ఒక ఇరవై పైసల బిళ్ళ, బల్లి గుడ్ల పెంకులు. బూజు తీస్తే వెనక పలకకు బిగించిన చిన్న అట్టలాంటి బోర్డు, లావు శబ్దాన్ని పెద్ద స్పీకరుకి అంటే ఊఫర్‌కి, సన్న శబ్దాన్ని చిన్నదానికి అంటే ట్వీటర్‌కి పంచేది. ఊఫర్ దారిలో వరసగా ఒక కాయిల్, దానికి అడ్డంగా 6.8 మైక్రోఫారడ్ కండెన్సర్. ట్వీటర్ దారిలో వరసగా 4.7, అడ్డంగా ఇంకో కాయిల్. అంటే రెండు దారుల్లోనూ రెండేసి భాగాలు, సెకండ్ ఆర్డర్. ఈ మాట గుర్తుపెట్టుకో, తర్వాత నా మెడకు చుట్టుకుంది ఇదే.

ఒక కాలు ఊడదీసి మీటర్ మీద పెట్టాను. ఎడమ బాక్సులో 4.7 అని రాసి ఉన్నది 6.3 చూపించింది. కుడి బాక్సుది 5.1. ఎండిపోతే తగ్గాలి కదా, పెరిగిందేంటి అని బుర్ర గోక్కున్నాను. తర్వాత తట్టింది, నిజంగా పెరగలేదు. లోపల లీకవుతుంటే మన చవక మీటర్ ఎక్కువ చూపిస్తుంది. ముప్పై ఏళ్ళు దాటిన, ప్లస్ మైనస్ లేని నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్, ఇంకేం ఆశిస్తాం?

కొత్తవి కావాలి. స్టేషన్ రోడ్డు నుంచి చౌరస్తా దాకా తిరిగాను. ఒకాయన మామూలు ప్లస్ మైనస్ ఉన్న కండెన్సర్ చేతిలో పెట్టి 'అందరూ ఇదే వేసుకుంటారు సార్' అన్నాడు. పాట రెండు వైపులా ఊగుతుంది, దీనికి ఒకటే వైపు పడుతుంది అంటే నా మొహం చూశాడు. మన పది–పది జోడీ గుర్తొచ్చింది. రెండు పదుల్ని వీపుకు వీపు కట్టి అయిదు చేసి, హాస్టల్లో ఆ రాత్రి... వార్డెన్ చెప్పు ఇప్పటికీ దొరకలేదు కదా? చివరికి హైదరాబాద్ పనిమీద వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. పాలీప్రొపిలీన్ ఫిల్మువి, 250 వోల్టులవి. నాలుగింటికీ ఎంతైందో మీ చెల్లెలికి చెప్పలేదు. నీకూ చెప్పను, నీ కడుపులో ఏదీ ఆగదు.

పాతది పల్లీకాయంత, కొత్తది నా బొటనవేలంత. బోర్డు మీద చోటు లేదు. ట్యాగులతో కట్టి, అడుగున గమ్ గన్‌తో అంటించి, కాళ్ళకు స్లీవు తొడిగి ఎట్లాగో కూర్చోబెట్టాను. ఉన్న కాయిల్స్ తీసేసి గాలి కాయిల్స్ వేద్దామని చెయ్యి దురద పెట్టింది. నువ్వు పక్కనే ఉండి 'కాయిల్ జోలికి పోకు, దాని తీగలో ఉన్న రెసిస్టెన్స్‌ను కూడా లెక్కలో పెట్టుకునే వాళ్ళు డిజైన్ చేశారు' అన్నట్టు అనిపించి ఆగాను. అక్కడ నీ మాట విన్నాను. ఇంకోచోట వినలేదు.

ట్వీటర్ తీగలు బిగించబోతుంటే చూశాను. ఎర్ర చుక్క ఉన్న కాలుకి నల్ల తీగ. నల్ల కాలుకి ఎర్ర తీగ. ఏ మెకానిక్కో తాగి చేశాడనుకున్నాను. రెండో బాక్సు విప్పితే అక్కడా అంతే. ఒరేయ్, రెండు బాక్సుల్లోనూ అదే తప్పు ఉంటే అది తప్పు కాదేమో అని ఇరవై ఏళ్ళు సోల్డరింగ్ చేసినవాడికి తట్టాలా వద్దా? నాకు తట్టలేదు. పైగా ఆ టంకం చూస్తే ఎవరూ ముట్టుకోనిది, కంపెనీలో పెట్టిన మెరుపు ఇంకా ఉంది. అయినా మహా గొప్ప పని చేస్తున్నట్టు రెండింటినీ 'సరిచేశాను'.

పెట్టాను. ఘంటసాల పద్యం. అబ్బ! గజ్జెల చప్పుడు, తబలా మీద గోరు తగిలిన చప్పుడు, పద్యం మధ్యలో ఆయన ఊపిరి పీల్చుకోవడం, అన్నీ వినిపించాయి. పక్కింటి సార్‌ను పిలిచి వినిపించాను. ఆయన టీ తాగి 'బాగుంది' అని వెళ్ళాడు. రాత్రి పదకొండు దాకా నేనొక్కణ్ణే వింటూ కూర్చున్నాను.

బాపు రెండు రోజులు ఏమీ అనలేదు. కుర్చీని మళ్ళీ మధ్యకు తెచ్చుకున్నాడు, నేను గెలిచాననుకున్నాను. మూడో రోజు పొద్దున పేపర్ మడిచి అన్నాడు: "పాట మంచిగనే ఉన్నది గని, పాడెటోడు తలుపు చాటుకు పోయిండు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అంత ఖర్చు, అంత తిరుగుడు, వేలు కాల్చుకున్నాను కూడా. నోట్లోంచి వచ్చేసింది: "నీకు ఆ చెవే సరిగ వినవడదు గద బాపూ." నిజమే కదా, ముప్పై ఏళ్ళు డీజిల్ ఇంజన్ల మధ్య పనిచేసిన చెవులు. డాక్టర్ గీసిన గీతలో 4 వేల హెర్ట్జ్ దగ్గర గుంత ఉంది, ఆ కాగితం నేనే ఫైల్లో పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. లేచి మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళాడు. అప్పటికే పోసి ఉన్న మొక్కలకు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. ఎందుకో అర్థమయ్యే ఉంటుంది నీకు.

పన్నెండుకి లేచి ఒక పాత బిల్లు వెనక బొమ్మ వేశాను. ఊఫర్ దారిలో రెండు భాగాలు, ట్వీటర్ దారిలో రెండు భాగాలు. రెండూ కలిసే చోట ఊఫర్ 90 డిగ్రీలు వెనకబడుతుంది, ట్వీటర్ 90 డిగ్రీలు ముందుకు పోతుంది. మధ్యలో 180. అంటే ఇది బయటికి తోస్తుంటే అది లోపలికి గుంజుతోంది, ఇద్దరూ కలిసి సున్నా. అందుకే కంపెనీవాడు ట్వీటర్‌ను కావాలనే తలకిందులు చేసి ఇచ్చాడు! మనకు పాలిటెక్నిక్‌లో చెప్పిందే. నువ్వు ఆ రోజు మిరపకాయ బజ్జీ సిద్ధాంతం చెప్పావు చూడు, అదీ ఇదే.

ఫోన్లో టోన్ యాప్ పెట్టి, ఒక్క బాక్సే మోగిస్తూ, ట్వీటర్ ఎత్తుకు చెవి వచ్చేలా రెండు మీటర్ల దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. 2 వేల నుంచి మెల్లగా పైకి తెచ్చాను. 3 వేల చుట్టుపక్కల శబ్దం ఒక్కసారిగా కుంగిపోయింది. నీళ్ళు నడుస్తూ నడుస్తూ గొయ్యిలో పడ్డట్టు. 4 వేలు దాటాక మళ్ళీ పైకి. పాడేవాడి మాటలో స్పష్టత ఉండేదే ఆ చోట. నాకు అది ఎందుకు వినపడలేదో తెలుసా? నేను గజ్జెలు వింటున్నాను. బాపు మనిషిని వింటున్నాడు. ఆయనకు గజ్జెలు ఎట్లాగూ వినపడవు.

అర్ధరాత్రి రెండింటికి ఫొటో తెరిచి చూసుకుంటూ, తీగలు మళ్ళీ ఎట్లా ఉన్నవి అట్లా పెట్టాను. మీ చెల్లెలు లేచి వచ్చి, చేతిలో సోల్డరింగ్ గన్ చూసి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళి పడుకుంది. అది తిట్టు కంటే ఎక్కువ.

పొద్దున ఆకాశవాణి పెట్టాను, వార్తలు. బాపు గడ్డం గీసుకుంటున్నాడు. సగం సబ్బు నురగతోనే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కాసేపు విని, "రాత్రి మల్ల ఇప్పినవా?" అన్నాడు. ఇప్పిన అన్నాను. "గీత గీసినవా?" అన్నాడు. లేదు, ఫొటో అన్నాను. మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ చెవి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎట్లా ఎత్తాలో నువ్వైతే ఏదో ఒకటి చెప్తావు. నువ్వు మీ నాయినతో మాట్లాడకుండా ఉన్న ఆ మూడు నెలల తర్వాత ఎట్లా... సరే, వదిలెయ్.

ఇప్పుడు నీ సలహా కావాల్సింది ఇంకొకటి. తీగలు సరైనా నాకు 'స', 'ష' కొంచెం గుచ్చుతున్నాయి. పాత కండెన్సర్లో లోపలి రెసిస్టెన్స్ కొంత ఉండేది, ఈ ఫిల్ముదానికి అది దాదాపు లేదు, అందుకే ట్వీటర్ ఒక మెట్టు పైకెక్కి కూర్చుంది. 4.7కి వరసగా అర ఓమ్ రెసిస్టర్ వేయనా, ఒక ఓమ్‌ది వేయనా? 5 వాట్ల తెల్ల సిమెంటువి నా దగ్గర రెండూ ఉన్నాయి. మీ చెల్లెలు ఏమంటోందంటే, 'గుచ్చేది నీకు, మామయ్యకు కాదు, ఇక ముట్టుకోకు' అని. ఒకటి వేస్తే బాపుకు మళ్ళీ పాడేవాడు ఎటైనా పోతాడేమోనని భయం. అర ఓమ్‌తో మొదలుపెట్టి, ఈసారి ఆయన్ని ముందే పక్కన కూర్చోబెట్టుకుని

మీ బావ లేచాడు. ఆటో వచ్చి హారన్ కొడుతోంది, ఆయన ఒక చెప్పు దొరకడం లేదంటున్నాడు. (వార్డెన్ శాపం.) పాత కండెన్సర్లు నాలుగూ ఈ కవర్లోనే ఉన్నాయి, నీ మంచి మీటర్ మీద పెట్టి చూసి అంకెలు రాయి. చూశాక పారెయ్యకు, బాపు అవి తిరిగి కావాలన్నాడు, ఎందుకో చెప్పలేదు. బంగారం డబ్బా ఇంకో సంచిలో

సోల్డరు